ఉలి మొనలోని రహస్యము

శ్రీశైల మల్లికార్జునస్వామి ఆలయ ప్రాకారముపై ఏనుగులు, గుఱ్ఱములు, వేట దృశ్యములు వరుసలు దీరి యున్నవి. విజయనగర కాలమునాటి ఆ శిల్పములను జూచువారు శిల్పిని మెత్తురు, ఉలిని తలపరు. ఉక్కు రాతిని చెక్కగలుగుట ఎట్లు?

కమ్మరి ఉలి మొనను కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, చటుక్కున నీట ముంచును. ఉక్కులోని పరమాణువులు స్ఫటికములుగా వరుసలు కట్టి యుండును. 727 డిగ్రీలు దాటి కాలినపుడు ఆ వరుస మారి, కర్బనమునకు తనలో చోటిచ్చును. నెమ్మదిగా చల్లార్చినచో కర్బనము విడివడును, ఉక్కు మెత్తబడును. చటుక్కున చల్లార్చినచో కర్బనము వెలుపలికి రాలేక చిక్కుకొనును, వరుస ఒక్కసారిగా సాగి మారును, మొన గట్టిపడును. ఈ రూపమునకు జర్మనీ శాస్త్రజ్ఞుడగు మార్టెన్సు పేర 'మార్టెన్సైటు' అని పేరు.

చల్లారునపుడు ఇట్లు మారునది ఉక్కొక్కటియే కాదు. నికెలు, టైటానియము కలిసిన 'నిటినాలు' అను మిశ్రలోహమును అట్లే మారును. కాని దాని మార్టెన్సైటు మెత్తనిది. వంచినను పరమాణువులు తమ ఇరుగుపొరుగును విడువక, కేవలము ప్రక్కకు ఒరగును. వేడి తగులగానే తొల్లింటి వరుసయు, తొల్లింటి ఆకారమును మరల వచ్చును. ఈ గుణమును 1960 ప్రాంతమున అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో కనుగొనిరి. నేడు వైద్యులు ఈ లోహపు జాలిగొట్టమును పూడిన కాలి రక్తనాళములో నుంచగా, అది విప్పారి రక్తమునకు దారి యిచ్చుచున్నది.

శిల్పి ఉలికిని, వైద్యుని జాలిగొట్టమునకును మూలమొక్కటే: చల్లారునపుడు పరమాణువుల వరుస మారుట.