గేర్ల సైకిల్ కొంటున్నారా?

పది పాసైతే గేర్ల సైకిల్ కొనిస్తామని మాటిచ్చారా? దుకాణంలో పిల్లల కళ్లు ముందూ వెనకా షాకబ్జార్బర్లున్న దానిమీదే పడతాయి. చవకరకం స్ప్రింగులు బరువు పెంచి, తొక్కే బలాన్ని మింగేస్తాయి. అదే డబ్బుకి వెనక స్ప్రింగు లేనిది తీసుకుంటే బ్రేకులు మంచివి వస్తాయి. ‘ఎదిగే పిల్లాడు కదా’ అని పెద్దది కొనడం చొక్కాల వరకే! సైకిల్ ఆపినప్పుడు కాళ్లు నేలకందకపోతే ప్రమాదం.

పాతదైతే స్కేలు పట్టుకెళ్లండి. చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అరంగుళం. అలాంటివి 24 కలిపితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాల్సిందే. ఎనిమిదో వంతు పెరిగిందా... పళ్లచక్రాలూ అరిగి ఉంటాయి. ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

చైనుకి నూనె చుక్కలుగా వేసి, పైజిడ్డు తుడిచేయాలి. లేదంటే దుమ్ము పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది. చేతికందింది కదా అని కొబ్బరినూనె పోసేరు, చలికి గడ్డకడుతుంది.