అల్గారిథంలోనే కాదు.. తర్కంలోనూ కొసరాజు ముద్ర

పెదకాకాని: కొసరాజు అనగానే ఈ ప్రాంత పెద్దలకు సినీ గేయ రచయిత కొసరాజు రాఘవయ్య స్ఫురించడం సహజం. కంప్యూటర్ సైన్స్ అభ్యసించే విద్యార్థులకు మాత్రం అది ఒక అల్గారిథం పేరు. పరీక్ష కోసం దానిని వల్లె వేసేవారిలో పలువురికి ఆ పేరు ఒక తెలుగు ఆచార్యునిదని గాని, ఆయన అంతకంటే కఠినమైన సమస్యను పరిష్కరించారని గాని తెలియదు.

సాంబశివరావు కొసరాజు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ పట్టా పొంది, ఖరగ్‌పూర్ ఐఐటీలో స్నాతకోత్తర విద్య అభ్యసించారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు అందుకున్నారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా సుదీర్ఘకాలం బోధించారు.

వెళ్లినవారు తిరిగి రాగలరా?

శివరాత్రి రద్దీకి పెదకాకాని ఆలయ పరిసర వీధులన్నింటినీ ఒకవైపు రాకపోకలకే పరిమితం చేశారనుకుందాం. ఏయే కూడళ్ల మధ్య వెళ్లడమే గాక తిరిగి రావడమూ సాధ్యం? అలాంటి కూడళ్లను గుంపులుగా విడదీయడమెలా? కొసరాజు పద్ధతిలో రెండు నడకలు చాలు. మొదటి నడకలో ముందుకు పోగలిగినంత పోయి, దారి లేనప్పుడు వెనుదిరుగుతూ, ఏ కూడలి పని ఎప్పుడు ముగిసిందో వరుసగా రాసుకోవాలి. తరువాత బాణపు గుర్తులన్నీ తిరగవేసి, చివర ముగిసిన కూడలి నుంచి రెండో నడక ప్రారంభించాలి. అక్కడి నుంచి చేరగలిగినవన్నీ ఒక గుంపు. మిగిలిన వాటిలో చివర ముగిసిన దానితో మళ్లీ మొదలు. పట్టే సమయం కూడళ్లు, వీధుల సంఖ్యకు తగినంతే.

రాబర్ట్ టార్జన్ 1972లోనే దీనికి ఒకే నడకతో పరిష్కారం చూపారు. అయినా నల్లబల్లపై వివరించడానికి కొసరాజుదే సులువు. 1978 నాటి ఈ పద్ధతిని ఆయన అచ్చు వేయించలేదు. మిఖా షరీర్ స్వతంత్రంగా కనుగొని 1981లో ప్రచురించారు. అహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ తమ పాఠ్యగ్రంథంలో కొసరాజు పేరు పేర్కొనడంతో ఆ ఘనత ఆయనకు నిలిచింది. ప్రచురించని పనికి ఇంత ప్రచారం రావడం అరుదే.

ప్రోగ్రాముల్లో 'గోటు' ఆదేశం ఉండాలా వద్దా అన్న వాదం సాగుతున్న రోజుల్లో, 1974లో ఆయన మరో ఫలితం వెలువరించారు. అదనపు చలరాశులు చేర్చకుండా గోటును తొలగించాలంటే ఒకదానిలో ఒకటిగా ఉన్న పలు ఆవృత్తాల నుంచి ఒకేసారి బయటపడే వీలుండాలని, ఎన్ని అంతస్తులు దాటే వీలుంటే అంత శక్తి పెరుగుతుందని నిరూపించారు.

టిక్కీలు, బేళ్ల లెక్క

ఆయన 1982లో పరిష్కరించి చూపిన సమస్య నేరుగా తర్కశాస్త్రానికి చెందినది. దానిని ఒక గిడ్డంగి లెక్కగా చెప్పుకోవచ్చు. వ్యాపారికి రెండే బేరాలున్నాయి. మూడు మిర్చి టిక్కీలిస్తే ఒక పత్తి బేలు వస్తుంది. రెండు బేళ్లిస్తే అయిదు టిక్కీలు వస్తాయి. అప్పు లేదు. నిల్వ సున్నా కంటే తగ్గకూడదు. నాలుగు టిక్కీలతో మొదలుపెట్టి గిడ్డంగి పూర్తిగా ఖాళీ చేయగలడా?

కాగితంపై చేయగలడు. మొదటి బేరం 8 సార్లు, రెండోది 4 సార్లు చేస్తే లెక్క సరిగ్గా సున్నా. ఆచరణలో మాత్రం మొదటి బేరంతోనే ఒక టిక్కీ, ఒక బేలు మిగిలి, ఏ బేరమూ సాగక వ్యాపారి నిలిచిపోతాడు. సమీకరణం కుదిరినంత మాత్రాన దారి ఉన్నట్టు కాదన్నమాట.

సరుకులు పదులు, బేరాలు వందలు ఉన్నా, కోరిన నిల్వకు చేరగలమో లేదో తప్పక తేల్చే పద్ధతి అసలు ఉందా? కార్ప్, మిల్లర్ 1969లో ఇలాంటి వ్యవస్థలను పరిచయం చేసిన నాటి నుంచి ఈ ప్రశ్న పరిశోధకులను వేధించింది. 1977లో సాసెర్డోటి, టెన్నీ ఇచ్చిన నిరూపణలో ఖాళీలు మిగిలాయి. 1981లో ఎర్నెస్ట్ మేయర్ అటువంటి పద్ధతి ఉందని నిరూపించగా, మరుసటి ఏడాదే కొసరాజు ఆ నిరూపణను సరళీకరించారు. 1992లో లాంబర్ట్ దానిని మరింత తేటపరిచారు. ఒకే సమయంలో నడిచే ప్రోగ్రాములు అవాంఛిత స్థితికి చేరతాయా అని పరీక్షించడానికి ఇదే ప్రశ్న ఆధారం.

ఎంత సమయం పడుతుందన్నది మరో నాలుగు దశాబ్దాల వరకు తేలలేదు. ఈ పద్ధతినే విశ్లేషించి లెరూ, ష్మిట్జ్ 2019లో గరిష్ఠ పరిమితి చెప్పారు. అంతకంటే గణనీయంగా తగ్గించడం సాధ్యం కాదని 2021లో ఫ్రాన్స్, పోలెండ్ పరిశోధకులు విడివిడిగా నిరూపించారు. ఆ పరిమితి అకర్‌మన్ ప్రమేయం. ఘాతంపై ఘాతం ఎన్ని అంతస్తులు పేర్చినా దాని పెరుగుదలకు సాటి రాదు.

అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ఏసీఎం 1995లో కొసరాజును ఫెలోగా ఎంపిక చేసింది. ఆయన అచ్చు వేయించని అల్గారిథం పూర్తి పేరుతో చలామణీ అవుతుండగా, అచ్చయిన ఈ నిరూపణ పద్ధతిని పరిశోధకులు అయిదుగురి పేర్ల తొలి అక్షరాలతో 'కేఎల్ఎంఎస్‌టీ' అని పిలుస్తున్నారు. అందులోని 'కే' కొసరాజుది.