చాటించినవాడే కట్టుబడ్డాడు

(రేడియో ప్రసంగ పాఠం. ధ్యాన భాగాలు: లూకా 2:1–7, హెబ్రీ 6:13–18)



కైసరు ఔగుస్తు ప్రజాసంఖ్య వ్రాయించుటకు ఆజ్ఞ ఇచ్చాడని లూకా సువార్త రెండవ అధ్యాయంలో చదువుతాము. క్రిస్మస్ దినాల్లో ప్రతి ఏటా వినే సంగతే. ఈ రోజు ‘ఆజ్ఞ’ అన్న ఆ ఒక్క మాట దగ్గర కొంచెంసేపు ఆగుదాం. లూకా గ్రీకులో ‘దోగ్మా’ అని వ్రాశాడు. లాటిన్ బైబిలులో అక్కడ ‘ఏదిక్తుమ్’ అని ఉంది. ఇంగ్లీషులోని ‘ఎడిక్ట్’ దీనినుండి వచ్చినదే.

ఈ మాటకు మూలం ‘ఏదీకెరె’ అనే క్రియ. ‘దీకెరె’ అంటే చెప్పుట. ముందున్న ‘ఏ’ అంటే బయటికి. బయటికి చెప్పుట, అనగా చాటించుట. తెలియజేయు, ఆజ్ఞాపించు అనే మామూలు అర్థాల్లో కూడా దీన్ని వాడారు. కాని ముఖ్యంగా ఇది అధికారుల మాట. కాన్సులు ఎన్నికల దినం ప్రకటించినా, సెనేటును సమావేశపరచినా ఈ క్రియనే వాడేవారు. మన ఊళ్లలో దండోరా సంగతి చూడండి. డప్పు ఎవరైనా కొట్టవచ్చు. పెద్దలు పంపితేనే అది చాటింపు అవుతుంది.

రోమాలో న్యాయ విచారణలు చూచే అధికారిని ప్రేతోరు అనేవారు. అతడు పదవిలోకి రాగానే, ఆ సంవత్సరం తాను ఎటువంటి ఫిర్యాదులను విచారణకు తీసుకుంటాడో ప్రకటించేవాడు. ఆ ప్రకటనను తెల్లని పలక మీద వ్రాయించి, అందరికీ కనబడే చోట పెట్టేవారు. ఆ తెల్ల పలక పేరు ‘ఆల్బుమ్’. మన ఇళ్లలోని పెళ్ళి ఆల్బం పేరు అక్కడినుండి వచ్చినదే. అన్యాయం జరిగినవాడు ఆ పలకను చూపి, “అయ్యా, మీరు చాటించినదే అడుగుతున్నాను” అనగలిగేవాడు.

అయితే కొందరు ప్రేతోరులు తాము చాటించినదాన్ని తామే తప్పేవారు. మనిషిని చూచి తీర్పు మార్చేవారు. అందుచేత క్రీ.పూ. 67లో గాయుస్ కొర్నేలియుస్ అనే ప్రజాప్రతినిధి ఒక చట్టం తెచ్చాడు. ప్రేతోరు తన ప్రకటన ప్రకారమే తీర్పు తీర్చాలి అన్నదే ఆ చట్టం. చాటించినవాణ్ణి అతని మాటకు కట్టివేయడానికి మనుష్యులకు ఇంకొక చట్టం కావలసి వచ్చింది!

చక్రవర్తుల ఆజ్ఞలు కూడా నిలువలేదు. క్రీ.శ. 303 ఫిబ్రవరి 24న దియొక్లేషియను ఆజ్ఞ నికొమేదియ పట్టణంలో వెలువడింది. సంఘ మందిరాలు కూలగొట్టాలి, లేఖనాలు కాల్చివేయాలి అని దాని సారాంశం. ఎనిమిదేళ్లు గడిచాయి. 311లో గలేరియుస్ చక్రవర్తి మరణకరమైన వ్యాధితో ఉండి, ఇంకొక ఆజ్ఞ వెలువరించాడు. క్రైస్తవులు తిరిగి కూడుకోవచ్చు, తన క్షేమం కొరకు తమ దేవునికి ప్రార్థించాలి అని అందులో ఉంది. హింసించిన చెయ్యే ప్రార్థన కోరి చాచబడింది.

ఔగుస్తు ఆజ్ఞ సంగతో? యోసేపు, గర్భవతియైన మరియ నజరేతు విడిచి బేత్లెహేముకు రావలసి వచ్చింది. లెక్క వ్రాయించుకోవాలన్నది కైసరు ఉద్దేశం. బేత్లెహేమును గూర్చి మీకా ప్రవక్త ద్వారా తాను ముందే చాటించిన మాట నెరవేర్చాలన్నది దేవుని ఉద్దేశం. కైసరుకు అది తెలియనే తెలియదు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, “దేవుడు అందరినీ క్షమిస్తాడేమో గాని నన్ను క్షమించడు” అని కుమిలిపోతున్నావా? ఒకే పాపంలో మళ్లీ పడ్డాను గనుక ఆయన మాట మార్చుకొని ఉంటాడని భయపడుతున్నావా? హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయం తెరచి చూడు. దేవుడు వాగ్దానం చేశాడు, దానిపై ప్రమాణం కూడా చేశాడు. తనకంటె గొప్పవాడు లేడు గనుక తన తోడనే ప్రమాణం చేశాడు. ఆయనను కట్టివేయడానికి ఏ కొర్నేలియుసూ రానక్కరలేదు. తన మాటకు తానే కట్టుబడ్డాడు.

ఇది పాపంలో నిలిచి ఉండుటకు అనుమతి కాదు. పాపం ఒప్పుకొని తిరిగి వచ్చేవానికి తెరచిన తలుపు. చాటింపు చెవిలో చెప్పే రహస్యం కాదు, విన్న ప్రతివానికీ చెందుతుంది. తెల్ల పలక దగ్గర నిలబడిన ఆ రోమా పేదవానివలె నీవు కూడా వచ్చి, “ప్రభువా, నీవు చాటించినదే అడుగుతున్నాను” అని చెప్పు. ఈ రాత్రి నిద్రపోకముందే చెప్పు.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, నీ మాట మారనిది గనుక నీకు స్తోత్రములు. భయంతో దూరంగా ఉన్న నీ బిడ్డను ఈ గడియలోనే దగ్గరకు చేర్చుకొనుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.