తిత్తి తీసేశారు సరే... దాని పేరేంటి?

దవడలో వచ్చే తిత్తులన్నీ ఒకటి కావు. ఈ సంగతి నాకు ఆపరేషన్ రోజున కాదు, రెండు వారాల తర్వాత బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక తెలిసింది. కింది దవడలో, కుడివైపు జ్ఞానదంతం వెనకాల ఉన్న నా తిత్తి అసలు బయటపడిందే అనుకోకుండా. ఇంకేదో పన్ను పుచ్చిందని వెళ్తే, దవడ మొత్తం ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీశారు. అందులో కనిపించింది. నొప్పి లేదు, వాపూ లేదు.

రిపోర్టులో ‘ఒడాంటోజెనిక్ కెరటోసిస్ట్’ అని ఉంది. "చూడండమ్మా, ఇది మొండి రకం. మళ్లీ వచ్చే గుణం ఉంది. ఏడాదికోసారి ఎక్స్‌రే తప్పదు" అన్నారు డాక్టరుగారు.

దవడ తిత్తుల్లో ఎక్కువగా కనిపించేది, పుచ్చి చచ్చిపోయిన పన్ను వేరు చివర పుట్టేది. ఆ పన్నుకు సరిగ్గా రూట్ కెనాల్ చేసినా, పన్ను పీకి తిత్తిని పూర్తిగా తీసినా సాధారణంగా తిరిగి రాదు. బయటికి రాని జ్ఞానదంతం తల చుట్టూ ఏర్పడేది ఇంకో రకం. పన్నుతో సహా పూర్తిగా తీసేస్తే అదీ చాలావరకు పీడ వదిలినట్టే. కెరటోసిస్ట్ తీరు మాత్రం వేరు. 1956లో ఫిలిప్సెన్ అనే నిపుణుడు దీనికి ఈ పేరు పెట్టారు. దీని దూకుడు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని కణితుల జాబితాలో చేర్చింది. 2017లో మళ్లీ తిత్తుల్లోకే తెచ్చింది. జాబితా మారింది గానీ దాని బుద్ధి మారలేదు.

ఎందుకు తిరిగొస్తుంది? దీని గోడ చాలా పల్చన. తీసేటప్పుడు తడిసిన కాగితంలా చిరిగిపోతుంది. ఒక్క ముక్క ఎముకకు అంటుకుని మిగిలినా అదే మళ్లీ పెరుగుతుంది. పైగా అసలు తిత్తి పక్కనే కంటికి ఆనని పిల్ల తిత్తులు ఉండొచ్చు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఇది బయటికి ఉబ్బకుండా ఎముక లోపల పొడవునా పాకుతుంది. బుగ్గ వాచి మనకు తెలిసేసరికి దవడ చాలావరకు డొల్లయిపోయి ఉంటుంది.

అందుకే ఉత్తినే గీకి తీసేసి ఊరుకోరు. చుట్టూ ఉన్న ఎముకను ఒక పొర మేర చెక్కుతారు, లేదా ఆ గుంతకు కార్నాయ్ ద్రావణం లాంటి మందు పూస్తారు. తిత్తి బాగా పెద్దదైతే ముందు దానికి చిన్న కిటికీలాంటి రంధ్రం పెట్టి, కొన్ని నెలలపాటు కడుగుతూ కుంచించుకుపోయేలా చేసి, తర్వాత తీస్తారు. మరీ మొండికేస్తే దవడలో ఆ భాగాన్నే కోసేయాల్సి రావచ్చు. అప్పుడు తిరిగొచ్చే భయం బాగా తగ్గుతుంది గానీ ముఖం తీరు, నమలడం దెబ్బతింటాయి.

నేను ఏటా ఎక్స్‌రేకి బయల్దేరితే ఇంట్లో సణుగుడే. "నొప్పే లేదు కదమ్మా, ఏటా ఈ ఖర్చెందుకు?" అనేది మా అత్తయ్య. నాలుగో ఏడు ఫిల్ములో పాత చోటే పెసరగింజంత నల్లమచ్చ కనిపించింది. అప్పుడూ నొప్పి లేదు. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి చిన్న ఆపరేషన్‌తో పోయింది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ పక్కనుంచే వెళ్తుంది. మూడు నెలలు సగం పెదవి మొద్దుబారి, కాఫీ గడ్డం మీదికి కారినా తెలిసేది కాదు. తర్వాత స్పర్శ వచ్చేసింది. ఇంకా పెద్దదయ్యాక దొరికితే నరం మిగిలేదని నమ్మకం లేదన్నారు. ఇప్పుడు అత్తయ్యే "ఈ ఏడు ఎక్స్‌రే అయిందా?" అని అడుగుతోంది.

మీకో, మీ ఇంట్లోవాళ్లకో దవడలో తిత్తి తీస్తే మూడు విషయాలు అడగండి. బయాప్సీకి పంపారా? తిత్తి పేరేంటి? మళ్లీ ఎప్పుడు రావాలి? కెరటోసిస్ట్ అయితే ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే తిరిగొస్తుంది. పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. చిన్న వయసులోనే రెండు మూడు చోట్ల వస్తే గోర్లిన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో చూడాలి. అప్పుడు చర్మాన్నీ పరీక్ష చేయించుకోవాలి, ఇంట్లోవాళ్లనూ చూపించాలి.

ఉప్పునీళ్లు, లవంగం నూనె ఎముక లోపలి తిత్తిని చేరవు. ‘నొప్పొస్తే చూద్దాంలే’ అన్న మాట దీని దగ్గర చెల్లదు. పాత ఫిల్ములు, రిపోర్టు ఒక ఫైల్లో పెట్టి దాచుకోండి. ఊరు మారినా, డాక్టరు మారినా కొత్త ఫిల్మును పోల్చి చూడటానికి అవే ఆధారం.