రవ్వ తప్పిన సిలిండర్

నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో స్పార్క్ ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ రాల్చాలి. ప్లగ్గు కొసన రెండు లోహపు మొనల మధ్య ఖాళీ మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కుదించుకుపోయిన గాలి, పెట్రోలు మిశ్రమంలో ఆ ఖాళీని విద్యుత్తు దాటాలంటే ఇరవై, ముప్పై వేల వోల్టులు కావలసి వస్తుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఆ పన్నెండును అన్ని వేలకు పెంచి, పిస్టన్ పైకొచ్చే వేళకు నమ్మకంగా అందించడం నేర్చుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది.

1860లో పారిస్‌లో ఎటియెన్ లెన్వార్ తన గ్యాస్ ఇంజనులో ఇండక్షన్ కాయిల్‌తో విద్యుత్ రవ్వ పుట్టించాడు. అది నమ్మదగ్గదిగా లేకపోవడంతో తర్వాతివాళ్లు మంటనే ఆశ్రయించారు. 1876లో ఆటో అనే జర్మన్ ఇంజనీరు చేసిన ఇంజను చిన్న జ్వాలతో అంటుకునేది. డైమ్లర్ అనే మరో జర్మన్ ఇంజనీరు ఎర్రగా కాలిన గొట్టాన్ని వాడాడు. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ బండి మళ్లీ బ్యాటరీ, కాయిల్ దారి పట్టింది. అయినా బండి తయారీలో అన్నిటికన్నా కష్టమైన చిక్కు ఈ రవ్వ పుట్టించడమేనని బెంజే ఒప్పుకున్నాడు.

ఆ చిక్కు విప్పిన ఘనత స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ కర్మాగారానిది. 1897లో బాష్ డి డియాన్ కంపెనీ మూడు చక్రాల బండి ఒకదానికి మాగ్నెటో అమర్చాడు. ఇంజను తిరుగుడుతోనే కరెంటు పుట్టించుకునే పరికరం కాబట్టి బ్యాటరీ అక్కర్లేదు. కానీ రవ్వ కోసం సిలిండర్ లోపల మీటలు కదిలించాల్సి వచ్చేది, అవి త్వరగా అరిగిపోయేవి. ఆ మీటల బెడద తీర్చే పని గాట్‌లోబ్ హోనోల్డ్ అనే యువ ఇంజనీరు చేతికొచ్చింది. ఒకే ఆర్మేచర్ మీద అతను రెండు తీగచుట్లు చుట్టాడు. అధిక వోల్టేజీ నేరుగా ప్లగ్గుకు చేరింది. ఇంజను లోపల కదిలే మీట ఒక్కటీ మిగల్లేదు. 1902లో దీనికి పేటెంటు వచ్చింది. మోటారు చరిత్రలో హోనోల్డ్ పేరు బెంజ్ పక్కన నిలవాలని నా నమ్మకం.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 కాడిలాక్ కార్లకు ఇచ్చిన బ్యాటరీ, కాయిల్, కాయిల్ కరెంటును తెంచి కలిపే పాయింట్ల పద్ధతి ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా రాజ్యమేలింది. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని పెట్రోలు బళ్లు నడిచిందీ దాని మీదే. ఇంజను మిస్సింగ్ కొడితే కరెంటును ప్లగ్గులకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ మూతను మెకానిక్ తీసి, పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్ది, గ్యాపు సరిచేసేవాడు. తర్వాత ఎలక్ట్రానిక్స్ వచ్చి పాయింట్లనూ, ఆపై డిస్ట్రిబ్యూటర్‌నూ తీసేశాయి. ఇప్పుడు చాలా కార్లలో ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక కాయిల్ కూర్చుంటోంది.

అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయింది. అప్పటినుంచి రవ్వ తప్పిందని కారే చెబుతోంది. ఎలా చెబుతుందన్నదే నాకు ఎంతో అందంగా కనిపిస్తుంది. రవ్వను అది చూడదు, క్రాంక్‌షాఫ్ట్ నడకను గమనిస్తుంది. పల్లకీ మోసే నలుగురు బోయీల్లో ఒకడి అడుగు తడబడితే లోపల కూర్చున్నవాళ్లకు తెలిసినట్టే, ఒక సిలిండర్ మండకపోతే షాఫ్ట్ ఆ అరచుట్టులో రవ్వంత మందగిస్తుంది. 3000 చుట్ల వేగంలో అరచుట్టుకు పట్టేది సెకనులో వందో వంతు. షాఫ్ట్‌కున్న పళ్ల చక్రాన్ని సెన్సర్ చదువుతుంటే, ఆ వందో వంతులోని తేడాను కంప్యూటర్ కొలిచి, ఏ సిలిండర్ వంతులో తగ్గిందో లెక్కగడుతుంది. పీ0302 కోడ్ అంటే మండనిది రెండో సిలిండర్ అని. పీ0300 అంటే తప్పు ఒక్క సిలిండర్‌కే కట్టుబడి లేదని.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడ్ సిలిండర్ పేరే చెబుతుంది, దోషి పేరు చెప్పదు. ఇంట్లో ప్లగ్గులు మార్చిన మర్నాడే మిస్సింగ్ మొదలైతే కొత్త కాయిళ్ల కోసం దుకాణానికి పరిగెత్తనక్కర్లేదు. ముందు మీ చెయ్యి తగిలిన చోట్లన్నీ వరసగా చూడండి. కాయిల్ కనెక్టర్ క్లిక్‌మనే దాకా కూర్చుందా? పనికి అడ్డొచ్చిందని పీకిన గాలి గొట్టం మళ్లీ పెట్టారా? పాత బండి అయితే ప్లగ్ వైర్లు తారుమారయ్యాయా? ప్లగ్గు బావిలో ఆయిల్ నిలిచిందా?

లక్షణాలు కూడా దారి చూపిస్తాయి. బండి నిలకడగా ఉన్నప్పుడు వణికి, రేజ్ చేస్తే సర్దుకుంటోందంటే ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి పోతోందని అనుమానించాలి. అలా కాక మామూలుగా బాగుండి, ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే కొడుతోందంటే ప్లగ్గు మీదికో కాయిల్ మీదికో అనుమానం పోవాలి. బరువు పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, రవ్వ దూకడానికి మరింత వోల్టేజీ కావాలి. స్పానర్ వంకరగా పట్టి బిగించినప్పుడు పింగాణీలో పడిన, కంటికి ఆనని పగులు సరిగ్గా అప్పుడే కరెంటును పక్కదారి పట్టిస్తుంది. టైమింగ్ బెల్టు మార్చాక అన్ని సిలిండర్లూ తడబడుతుంటే బెల్టు ఒక పన్ను తప్పి కూర్చుందేమో చూడాలి.

అనుమానం తీరకపోతే స్థానాలు మార్చి చూడండి. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానికి, మూడో దాన్ని రెండో దానికి పెట్టండి. కోడ్ చెరిపి బండి నడపండి. ఈసారి పీ0303 వస్తే దోషం కాయిల్‌ది. పీ0302 అలాగే ఉంటే ప్లగ్గుల్ని మార్చి చూడాలి, ఆపై ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు. కోడ్ చెరిపినా, బ్యాటరీ తీగ పీకినా లోపం పుట్టిన క్షణపు వివరాలు చెరిగిపోతాయి కనుక ముందే స్కానర్‌తో చదివి రాసుకోండి. ఇంజను నడుస్తుండగా ప్లగ్ వైరు పీకి చూసే పాత అలవాటు మానండి. షాక్ కొడుతుంది, కాయిళ్లూ పాడవుతాయి.

డ్యాష్‌బోర్డు మీది ఇంజను దీపం నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు. ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి మండుతోందని, ఆ వేడికి కన్వర్టర్ లోపలి పింగాణీ కరిగిపోవచ్చని అర్థం. దాని ఖరీదు నాలుగు ప్లగ్గుల ఖరీదుకు ఎన్నో రెట్లు. ఆ దీపం మెరిస్తే బండి పక్కకు తీసి ఇంజను ఆపేయండి.