మొబైల్ స్టార్టరు

మొబైల్ స్టార్టరు అనగా బోరుబావి వద్దనున్న విద్యుత్ మోటారును ఫోను ద్వారా దూరం నుండి నడపడానికి, ఆపడానికి ఉపయోగపడే పరికరము. పూణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ ఈ కోవకు చెందినదే.

నేపథ్యము

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో తుంగభద్ర దిగువ కాలువ నీరు అందని పొలాలు ఎక్కువగా వర్షంపైనా, బోరుబావులపైనా ఆధారపడి ఉన్నాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉన్నది. అయితే త్రీ ఫేజ్ విద్యుత్తు రోజుకు కొన్ని గంటలే ఉంటుంది. అది రాత్రివేళ వచ్చినపుడు చీకటిలో పొలానికి వెళ్ళే రైతులకు పాముకాటు, విద్యుదాఘాతము వంటి ప్రమాదాలు పొంచి ఉంటాయి.

పనిచేసే విధానము

పరికరంలో సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఆ నంబరుకు ఫోను చేసి ఒక అంకెను నొక్కుతాడు. ప్రతి అంకెకు రెండు పౌనఃపున్యాలు కలిసిన ధ్వని ఉంటుంది. ఉదాహరణకు 1కి 697, 1209 హెర్ట్జ్. పరికరము ఆ ధ్వనిని గుర్తించి రిలే ద్వారా స్టార్టరును పనిచేయిస్తుంది. ఏ అంకె ఏ పని చేస్తుందనేది తయారీదారును బట్టి మారుతుంది. ఈ పద్ధతికి మామూలు ఫోను చాలు, అంతర్జాలము అవసరము లేదు.

టైమరు

టైమరు అమర్చితే నిర్ణీత సమయము తరువాత మోటారు తనంతట తానే ఆగుతుంది. నేరుగా మొదలయ్యే మోటారు ఆ క్షణంలో మామూలు కంటే సుమారు 5 నుండి 7 రెట్లు కరెంటు తీసుకొంటుంది. సరఫరా రాగానే మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే ట్రాన్స్‌ఫార్మరుపై భారము పడుతుంది. ఒక్కొక్క దానికి వేర్వేరు ఆలస్యము అమర్చి దీనిని తగ్గించవచ్చు.

జాగ్రత్తలు

ఫోనుతో మోటారును ఆపినా తీగలలో విద్యుత్తు ఉంటుంది. ఎవరైనా ఫోను చేస్తే మోటారు తిరిగి మొదలు కావచ్చు. కనుక మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసివేయవలెను.