ఎదురు వాలు పళ్లు

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మిత్రుడొకాయన దగ్గర పాత మిలిటరీ డిస్పోజల్ జీపు ఉంది. వాళ్ల నాన్న కొన్న బండి. దాని బోల్టుల తలల మీద అక్కడక్కడా ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరం కనిపిస్తుంది. విల్లీస్ కంపెనీ డిజైనును తీసుకుని యుద్ధకాలంలో ఫోర్డు వాళ్లు కట్టిన జీపుల గుర్తు అది. తమ సరుకు ఏదో తెలియాలని చిన్న బోల్టు మీద కూడా ఆ అక్షరం కొట్టించారు.

నిరుడు ఎండాకాలం ఆయన ఫోన్ చేశాడు. "సార్, ఆయిల్ ముల్లు లేస్తల్యా. కొత్త పంపు తెప్పిస్తే పళ్లు కూర్చోవడం ల్యా. నంద్యాల మేస్త్రీ ట్రాక్టరు పంపు ఏద్దామంటాడు. బ్లాకులో బొక్క పెద్దది చేసి బుష్షు దిగ్గొట్టాలంట. చేయించమంటారా?"

నేను నంద్యాలలో చాలా ఏళ్లు ఇంజన్ల పాఠాలు చెప్పినవాణ్ణి. నేను వచ్చేదాకా డ్రిల్లు ఆన్ చేయించొద్దని చెప్పి, పొద్దున్నే బస్సెక్కాను. శిరివెళ్ల దాటేసరికే ఎండ చురుక్కుమంటోంది. ఆ వేడికి ఇంజనులో ఆయిలు ఎంత పలచబడుతుందా అనే ఆలోచిస్తూ కూర్చున్నాను.

క్లాసులో ప్రతి ఏడాదీ నేనొక ప్రశ్న వేసేవాణ్ణి. ఆయిల్ పంపు పని ఏమిటి? "ఒత్తిడి పుట్టించడం" అని అందరూ ఒక్కసారిగా అనేవాళ్లు. కాదు. పంపు తిరిగిన ప్రతి చుట్టుకూ ఇంత ఆయిలని కొలిచి ముందుకు తోస్తుంది. అంతవరకే దాని పని. ఆ ఆయిలు పోవాల్సిన దారి ఇరుకైతే ఒత్తిడి పుడుతుంది. పొలానికి నీళ్లు పెట్టే పైపు కొసను బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి. మోటారు మారలేదు, వేలు అడ్డుపడింది. ఇంజనులో ఆ వేలు ఎక్కడుందంటే, తిరిగే క్రాంకుకీ దాన్ని పట్టుకున్న బేరింగుకీ మధ్య ఉన్న సందులో. అది వెంట్రుక మందం కంటే సన్నటి సందు.

ఆ సన్నటి సందు గురించి నాకెంతో ఇష్టమైన కథ ఒకటుంది. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేసేవాడు. 1883లో ఒకసారి బేరింగు నెత్తిన ఆయిలు పోయడానికి రంధ్రం వేయించాడు. ఇరుసు తిప్పగానే ఆ రంధ్రం గుండా ఆయిలు లోపలికి పోవాల్సింది పోయి పైకి ఉబికింది. బిరడా కొట్టారు. ఎగిరిపోయింది. చెక్క మేకు కొట్టారు. అదీ మెల్లగా బయటికొచ్చింది. మీటరు పెట్టి చూస్తే ముల్లు 200 పౌండ్లు దాటింది. బేరింగు మీద మోపిన బరువు సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లే. అక్కడ పంపే లేదు! తిరుగుతున్న ఇరుసే ఆయిలును తనతో పాటు ఈడ్చుకుపోయి, సందు సన్నబడే మూలకు కూరి, తన మీద మోపిన బరువును ఆయిలు పొర మీదికి ఎత్తేసింది. మూడేళ్ల తరవాత ఓస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క కట్టాడు. ఈ రోజుకీ బేరింగు డిజైను చేసేవాళ్లు ఆ సమీకరణంతోనే మొదలుపెడతారు.

కాబట్టి బండి పరుగెత్తుతున్నప్పుడు క్రాంకు ఇనుము మీద ఆనదు, ఆయిలు మీద తేలుతుంది. తేల్చేది పంపు ఒత్తిడి కాదు, తిరుగుడే. పక్కల నుంచి కారిపోయే ఆయిలుకు బదులు ఎప్పటికప్పుడు కొత్త ఆయిలు అందించి, వేడిని మోసుకుపోవడం పంపు వంతు.

ఇక్కడే మేస్త్రీల లెక్క తప్పుతుంది. బేరింగు అరిగి సందు రెట్టింపయితే కారేది రెట్టింపు కాదు. ఇంత సన్నటి సందులో ఆయిలు కారుడు సందు వెడల్పుకు ఘనంగా పెరుగుతుంది, అంటే ఎనిమిది రెట్లు. ముల్లు పడిందని ఒకటిన్నర రెట్లు తోసే పెద్ద పంపు పెడితే ఆ ఎనిమిదిలో ఎంత పూడుతుంది? మీటరు కొంచెం లేస్తుంది, అరిగిన బేరింగు అరుగుతూనే ఉంటుంది. ముల్లు పడితే ముందు బేరింగును చూడాలి, పంపును పెద్దది చేయాలనుకోకూడదు.

ఆళ్లగడ్డలో జీపు వేపచెట్టు కింద ఉంది. పక్కనే సగం చెక్కిన ద్వారపాలకుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంజను అడుగునున్న ఆయిలు చాంబరు దించి బేరింగు షెల్సు చూశాం. గీతలు లేవు, సందు బాగానే ఉంది. తప్పు పంపులోనే ఉందన్నమాట.

ఈ జీపు ఇంజను పేరు 'గో డెవిల్'. నాలుగు సిలిండర్లు, 134 ఘనపుటంగుళాలు, 60 గుర్రాల బలం. 1940లో అమెరికా సైన్యం చిన్న బండి కావాలన్నప్పుడు బాంటమ్, ఫోర్డు, విల్లీస్ మూడూ పోటీ పడ్డాయి. ముందుగా నమూనా తెచ్చింది బాంటమ్. మూడింటిలో విల్లీస్ బండే ఎక్కువ బరువు. కానీ బార్నీ రూస్ అనే ఇంజనీరు అంతకుముందే పట్టుబట్టి పాత విల్లీస్ ఇంజనును 48 గుర్రాల నుంచి 60కి లాగి ఉన్నాడు. ఆ బలం ముందు మిగతా రెండూ నిలవలేదు. చివరికి ఫోర్డు కూడా తన ఇంజను పక్కనపెట్టి విల్లీస్ ఇంజనునే తయారు చేయాల్సి వచ్చింది. నా వరకు ఆ పోటీ అంతా ఇంజను కథే.

పంపు బ్లాకు పక్కన బయటే, మూడు బోల్టుల మీద ఉంటుంది. లోపల చక్రంలో చక్రం. బయటి చక్రానికి లోపలివైపు గుంటలు, లోపలి చక్రానికి వాటికంటే ఒక పన్ను తక్కువ, కేంద్రాలు కొంచెం పక్కకు జరిపి ఉంటాయి. లోపలిది తిరిగితే బయటిది కూడా తిరుగుతుంది. ఒక పన్ను తేడా వల్ల ఒక పక్క పళ్ల మధ్య ఖాళీ పెరుగుతూ పోతుంది, ఆయిలు పీలుస్తుంది. రెండో పక్క ఖాళీ తరుగుతూ పోతుంది, ఆయిలును తోస్తుంది. పీల్చి తోయడానికి కవాటాలు అక్కర్లేదు, స్ప్రింగులు అక్కర్లేదు. కవాటం లేకుండా పళ్లతోనే ద్రవాన్ని తోయవచ్చన్న ఊహ చాలా పాతది. గ్రహాల దారులు దీర్ఘవృత్తాలని చెప్పిన కెప్లర్ 1600ల తొలి ఏళ్లలోనే, గనుల్లో నీళ్లు తోడడానికి రెండు పళ్ల చక్రాల పంపు రూపొందించాడు. ఆకాశంలో చక్రాలు లెక్కపెట్టిన మనిషి నేల అడుగున నీళ్లకు కూడా చక్రాలే వేశాడని చెప్తే పిల్లలు ఒక్క క్షణం మాట్లాడేవాళ్లు కాదు.

ఈ పంపుకు ఒక పెద్ద బలహీనత ఉంది. చక్రాల కొసకీ మూతకీ మధ్య సందు పెరిగితే, తోసిన ఆయిలు ఆ సందులోంచి మళ్లీ పీల్చే వైపుకే జారుతుంది. మూత తీసి చూస్తే దాని మీద వేలిగోరుకు తగిలేంత గాడి పడి ఉంది. పైగా ఎవరో ఎప్పుడో మూత కింద దళసరి అట్ట గ్యాస్కెట్ కత్తిరించి పెట్టారు. ఈ పంపులో గ్యాస్కెట్ మందమే కొస సందును నిర్ణయిస్తుంది. కారకుండా ఉండాలని అట్ట దళసరి చేస్తే బయటికి కారదు, లోపల కారుతుంది.

సరే, మరి కొత్త పంపు ఎందుకు కూర్చోలేదు? అచ్చం అదే ఆకారం, అవే మూడు బోల్టులు. షాపులో జీపు పంపనే ఇచ్చారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు గుండె ఝల్లుమంది. పంపు కొసనున్న పళ్ల చక్రంలో పళ్లు ఏటవాలుగా ఉంటాయి. పాతదానిలో ఒక వైపుకు వాలితే, కొత్తదానిలో ఎదురు వైపుకు వాలాయి.

ఇది తయారీ లోపం కాదు. యుద్ధకాలపు ఇంజనులో క్రాంకు నుంచి, ఇంజను కవాటాలను ఎత్తే కామ్ షాఫ్టుకు గొలుసు ఉండేది. యుద్ధం తరవాత గొలుసు తీసేసి పళ్ల చక్రాలు పెట్టారు. గొలుసయితే రెండు షాఫ్టులూ ఒకే వైపు తిరుగుతాయి, సైకిల్ పెడలూ వెనక చక్రమూ తిరిగినట్టు. పళ్లు పళ్లు కలిస్తే రెండోది ఎదురు తిరుగుతుంది. అంటే కామ్ తిరిగే దిశే మారిపోయింది. పంపును తిప్పేది ఆ కామ్. పంపు ఎదురు తిరిగితే ఏమవుతుంది? పీల్చే వైపు తోస్తుంది, తోసే వైపు పీలుస్తుంది. బేరింగులకు అందాల్సిన ఆయిలును బేరింగుల నుంచే లాగి చాంబరులో పోస్తుంది.

విల్లీస్ ఇంజనీర్లు ఈ చిక్కును బ్లాకు మార్చకుండా విప్పారు. కామ్ మీది పళ్ల వాలునూ పంపు పళ్ల వాలునూ రెండింటినీ తిరగేశారు. దిశ ఒకసారి మారింది, వాలు దాన్ని మళ్లీ మార్చింది. పంపు మునుపటి వైపే తిరిగింది. అలా తిరగడం ఇంకో కారణానికి కూడా అవసరం. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే, బ్లాకుకు అవతలి పక్కనున్న డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది కూడా ఈ పంపు షాఫ్టే. పంపు షాఫ్టు కొసన గాడి, డిస్ట్రిబ్యూటర్ కొసన నాలుక. గాడి నడిమధ్యన కాకుండా కొంచెం పక్కకు జరిపి ఉంటుంది, అందుకే నాలుక ఒక్క తీరుగానే దిగుతుంది. జీపులో ఆయిల్ పంపు విప్పి ఎలాపడితే అలా పెట్టేవాళ్లకు ఆ తరవాత ఇంజను ఎందుకు దగ్గుతోందో అర్థం కాదు. ఒక పన్ను అటో ఇటో అయితే నిప్పురవ్వ వేళే మారిపోతుంది.

ఎదురు వాలు పళ్లు ఎందుకు కలవవో చూడాలంటే రెండు పెన్సిళ్లు చాలు. రెండింటికీ ఒకే వైపుగా ఏటవాలుగా దారం చుట్టి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టండి. తాకిన చోట దారాలు ఒకే గీతలో పడతాయి. ఒకదానికి ఎదురు చుట్టు చుట్టి చూడండి, దారాలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. కొత్త పంపుకు జరిగింది అదే. సుత్తితో ఒక దెబ్బ వేయనందుకు ఆ మేస్త్రీని మెచ్చుకోవాలి.

"మరి ట్రాక్టరు పంపు?" అన్నాడు మిత్రుడు. బ్లాకు మీద చాక్‌పీసుతో గీసి చూపించాను. బొక్క పెద్దది చేయడం లేతు షాపులో ఒక పూట పని. కానీ ఆ బొక్క కేంద్రం కామ్ నుంచి ఎంత దూరమో వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి, లేకపోతే పళ్లు అరిచి అరిగిపోతాయి. కొత్త చక్రం పళ్ల లెక్క కామ్ పళ్లకు సరిపోవాలి. ఈ ఇంజనులో పీల్చే జల్లెడ చాంబరులో ఆయిలు మీద తేలుతుంది, అడుగున మడ్డి పీల్చకుండా. అక్కడి నుంచి ఆయిలు బ్లాకు లోపలి దారి గుండా పంపుకు వస్తుంది. కొత్త పంపు నోరు ఆ దారికి ఎదురుగా పడాలి. పోసే నోరు బేరింగులకు ఆయిలు తీసుకెళ్లే మెయిన్ గ్యాలరీకి ఎదురుగా పడాలి. డిస్ట్రిబ్యూటర్‌కు గాడి ఎవరిస్తారు? వీటన్నిటికీ జవాబు ఉండి, గోడ మందం చాలితే బ్లాకు కోయవచ్చు. కోసేవాళ్లు ఉన్నారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పందెం బళ్లకు పెద్ద పంపు వేయడానికి 6 మిల్లీమీటర్ల స్టడ్‌లు తీసి, 8 మిల్లీమీటర్లవి పట్టేలా కేసు డ్రిల్లు చేయడం ఏళ్ల తరబడి మామూలు పని. అది తెలిసి చేసే పని.

ఆయన బ్లాకును అరచేత్తో తడిమాడు. "పోత ఇనుము రాయి లాంటిదే సార్. ఎక్కువ తీసినాక మళ్లీ అతికేది ఉండదు" అన్నాడు.

మేం చేసింది చాలా చిన్న పని. పాత పంపు చక్రాన్ని పిన్ను కొట్టి తీశాం. దాన్ని కొత్త పంపు షాఫ్టుకు ఎక్కించి, ఎత్తు కొలిచి, కొత్త పిన్ను రంధ్రం వేసి బిగించాం. మూతను అద్దం పలక మీద ఎమెరీ కాగితం పరిచి, ఆయిలు చుక్కలు వేస్తూ రుద్దడం మాత్రం ఆయనే చేస్తానన్నాడు. విగ్రహం ముఖానికి నునుపు తేలుస్తున్నట్టు, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, ప్రతి పది చుట్లకూ పలక పక్కకు తిప్పుకుంటూ గంటసేపు రుద్దాడు. సమతలం అంటే ఏమిటో నేను ముప్పై మందికి బోర్డు మీద చెప్పేదాని కంటే ఆ చేతులే బాగా చెప్పాయి. సన్నటి కాగితం గ్యాస్కెట్ కత్తిరించాం. పంపులో పెట్రోలియం జెల్లీ నింపాం, మొదటి చుట్టులోనే ఆయిలు పట్టుకోవడానికి. గాడి సరైన కోణంలో పెట్టి బిగించాం.

స్టార్టు చేస్తే అయిదారు సెకన్లు ముల్లు కదల్లేదు. ఆ అయిదారు సెకన్లూ ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని మీటరు వైపే చూశాం. తరవాత ముల్లు వణికి, లేచి, 40 దగ్గర నిలబడింది. ఇంజను వేడెక్కి ఖాళీగా తిరిగేటప్పుడు 15 దగ్గరికి దిగింది. ఈ ఇంజనుకు అది చాలు. అదే సాయంత్రం అహోబిలం దాకా పోయి వచ్చాం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కూడా ముల్లు 30 కిందికి దిగలేదు.

యుద్ధం తరవాత మన దేశంలో జీపు చరిత్ర అందరికీ తెలిసిందే. మహీంద్రా వాళ్లు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు, ఆ తరవాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి, రాయలసీమలో ఎన్నో పెట్రోలు జీపులు డీజిలుకు మారిపోయాయి. నేటి కార్లు చాలావాటిలో పంపు నేరుగా క్రాంకు మూతి మీదే కూర్చుంటుంది. కొన్నింటిలో కంప్యూటరు చెప్పినంత ఆయిలే తోస్తుంది. చక్రంలో చక్రం మాత్రం చాలావాటిలో ఇంకా అలాగే ఉంది.

గాడి పడిన పాత పంపును నేను తెచ్చుకున్నాను. చుట్టుపక్కల పిల్లలు వచ్చినప్పుడు పళ్లెంలో ఆయిలు పోసి, రెండు నోళ్లకూ గొట్టాలు తగిలించి, ఒకదాన్ని పళ్లెంలోనూ ఇంకోదాన్ని గ్లాసులోనూ పెట్టి చేత్తో తిప్పమంటాను. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు చుట్లు సరిగ్గా తిప్పి, ఆగి, ఉన్నట్టుండి ఎదురు తిప్పింది. గ్లాసులోకి పడిన ఆయిలంతా గొట్టంలోకి వెనక్కి పోయి మళ్లీ పళ్లెంలోకి చేరింది. ఆ పిల్ల గ్లాసు ఎత్తి అడుగు చూసింది.